బంతి ముట్టని రోజులు

రాజోలు ఏటిగట్టు మీద పొద్దున్నే పరుగెత్తే కుర్రాళ్ళకి నేను మాస్టారిని. ఆర్మీ ఫిజికల్ టెస్టుకి తయారయ్యేవాళ్ళు వాళ్ళు. ఎలా ఊపిరి పీల్చాలో, ఎక్కడ అడుగు పెంచాలో చెబుతుంటాను. మొన్న వాళ్ళలో ఒకడు అడిగాడు.

"మాస్టారండీ, యుద్ధంలో తుపాకీ పట్టేవాళ్ళుంటారు, వంట చేసేవాళ్ళుంటారు, దెబ్బలకి మందేసేవాళ్ళుంటారు. మీరు పీటీ ఉస్తాద్ కదండీ. యుద్ధంలో మీకేం పనుంటదండీ?"

"వాలీబాల్ ఆడించడం" అన్నాను.

అందరూ ఘొల్లున నవ్వారు. వాళ్ళు నవ్వడంలో తప్పులేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకూ అది నవ్వులాటగానే ఉండేది. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ మెడల్ ఎందుకు ఇచ్చారో ఇందులో ఉండదు. అవి మా ఆవిడకి చెప్పినా వినదు. ఆ పని నిజంగా ఎలా ఉంటుందో, ముఖ్యంగా ఒక కొండకింద లోయలో, ఒక యుద్ధపు వేసవిలో ఎలా ఉండిందో, అంతవరకే చెబుతాను.

ఆట కూడా డ్యూటీయే

ఫౌజులో వ్యాయామం నేర్పేవాణ్ణి పీటీ ఉస్తాద్ అంటారు, సాయంత్రం ఆటని గేమ్స్ పరేడ్ అంటారు. పరేడ్ అంటే రావాలనిపిస్తే వచ్చేది కాదు. కాలు బెణికినవాడు కూడా వచ్చి గీత పక్కన నిలబడాలి. ఆఫీసర్లు, జవాన్లు ఒకే నెట్టు కింద ఆడతారు. పొద్దున సెల్యూట్ కొట్టినవాడే సాయంత్రం మేజర్ మొహం మీదికి స్మాష్ కొడతాడు, ఎవరూ ఏమీ అనుకోరు.

శాంతిగా ఉన్న రోజుల్లో ఇది ఒంటికి మంచిది. యుద్ధంలో దీని పని వేరు. కొండ మీద నుంచి దిగి వచ్చినవాడికి నాలుగు రోజులు తిండి, నిద్ర ఇచ్చి ఊరికే కూర్చోబెడితే వాడు చూసినవన్నీ వాడి దగ్గరికే తిరిగి వస్తాయి. మా కంపెనీ కమాండర్ మేజర్ సాబ్ ఒక మాట అనేవారు: "ఆడే కంపెనీ ఏడవదు." గట్టి మనిషి, న్యాయమైన మనిషి. ఆ మాట మాత్రం సగమే నిజం. మిగతా సగం నేర్చుకోవడానికి మా ఇద్దరికీ ఒకే మనిషి దొరికాడు.

ఆ ఏడు మాకు ఉన్నపళంగా బయలుదేరమని ఆర్డరు వచ్చింది. పెళ్ళికెళుతూ పిల్లిని చంకనపెట్టుకెళ్ళినట్టు, తోటివాళ్ళు మందుగుండు పెట్టెలు ఎక్కిస్తుంటే నేను వాలీబాల్ నెట్టు, బంతులు, గాలి పంపు మూట కట్టుకున్నాను. లారీలో చోటులేదని నా మూట నా ఒళ్ళోనే పెట్టుకోమన్నారు. మూడు రోజులు దాన్ని పసిబిడ్డలా మోశాను.

సముద్రం పక్కన పుట్టినంత మాత్రాన

ఎత్తయిన చోటికి వెళ్ళగానే మొదటి కొద్దిరోజులు ఏమీ చెయ్యకూడదు. గాలి పలచగా ఉంటుంది, ఊపిరితిత్తులు అలవాటు పడాలి. ఇది డాక్టర్లు అందరికీ చెబుతారు, అందరూ వింటారు. మా మేజర్ సాబ్ కూడా విన్నారు. విని, దిగిన మర్నాడే "ఉస్తాద్, కుర్రాళ్ళు డీలా పడ్డారు, ఒక్క గేమ్ ఆడించు" అన్నారు.

కంపెనీలో అందరికంటే గట్టివాణ్ణి నేనే కదా అని ముందు నేను దిగాను. అంతర్వేది దగ్గర గోదారికి ఎదురీది పెరిగినవాణ్ణి, నా ఊపిరికి ఏమవుతుందని నా ధీమా. బంతి అక్కడ రాయిలా బిగుసుకుపోయింది, ఎందుకంటే కింద కొట్టిన గాలి పైన ఉబ్బుతుంది. దాన్ని రెండు సార్లు ఎగిరి కొట్టానో లేదో కళ్ళముందు చీకటి. తనదాకా వస్తేగాని తలనొప్పి తెలియదంటారు. నాకు తలనొప్పి, వాంతి, రెండు కలిసే తెలిశాయి.

మా యూనిట్ డాక్టర్ ఒక కుర్ర కెప్టెన్. కళ్ళద్దాలు, పల్చటి మీసం. ఆయన నన్ను పడుకోబెట్టి, బయటికి వెళ్ళి మేజర్ సాబ్‌తో తన హోదాకి మించిన గొంతుతో మాట్లాడారు. డేరాలో పడుకుని నేనంతా విన్నాను. మేజర్ సాబ్ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మర్నాడు కంపెనీ అందరి ముందూ "తొందరపడింది నేను" అన్నారు. కొత్తగా చేరేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి: పొరపాటు చెయ్యని బాసు దొరకడు, చేశానని చెప్పేవాడు దొరికితే వదులుకోవద్దు.

వెంకన్న, రాంఫల్

మా కంపెనీ వాలీబాల్ జట్టుకి ఇద్దరే ప్రాణం. ఒకడు వెంకన్న, మా ఉప్పలగుప్తం వైపు వాడు. సముద్రం మీద వలలు లాగిన ఇంటి బిడ్డ, ఆరడుగుల మనిషి. ఫౌజులో నాయక్ హోదా. స్మాష్ కొడితే ఎదుటివాడు చెయ్యి అడ్డం పెట్టడానికి వెనకాడేవాడు. రెండోవాడు రాంఫల్, హర్యానా రైతుబిడ్డ. పొట్టివాడు, బంతి ఎత్తి ఇవ్వడంలో వాణ్ణి మించినవాడు లేడు. వాడు చూడకుండా వెనక్కి ఎత్తితే, వెంకన్న అప్పటికే గాలిలో ఉండేవాడు. ఒకడి భాష ఒకడికి సగమే వచ్చు. ఆ సగంతోనే పొద్దస్తమానం పోట్లాడుకునేవారు.

గాలి అలవాటయ్యాక కంపెనీని ఒక శిఖరం మీదికి పంపారు. వాళ్ళు శిఖరం పట్టుకున్నారు. రాంఫల్ తిరిగి రాలేదు. గుండు తగిలినవాణ్ణి వెంకన్న వీపు మీద వేసుకుని చాలా దూరం దింపాడు. దారిలోనే పోయాడు. శరీరాన్ని వాళ్ళ ఊరు పంపించారు.

కంపెనీ లోయలోకి దిగాక, రెండో శిఖరానికి వెళ్ళేలోపు కొద్దిరోజులు విశ్రాంతి. మేజర్ సాబ్ నన్ను పిలిచి "రేపటినుంచి గేమ్స్ పరేడ్" అన్నారు. వాగు పక్కన రాళ్ళు ఏరించి, నెట్టు కట్టాను. మా వాళ్ళలో కొందరు గొణిగారు. అయినా వచ్చారు. వెంకన్నా వచ్చాడు. నేను ఎప్పటిలాగే "వెంకన్నా, కాచుకో" అని బంతి విసిరాను. అతను చేతులు కదపలేదు. బంతి ఛాతీకి తగిలి కింద పడింది. అతను రెండడుగులు పక్కకి జరిగాడు, అంతే.

అలా రెండో రోజు, మూడో రోజు. గడ్డం గీసుకోవడం లేదు. పరుపు చుట్టి మూలన పెట్టి కటిక నేల మీద పడుకుంటున్నాడు, ఆ చలిలో. రోజుకి ఒక్కపూట తింటున్నాడు, ఒక్కోరోజు అదీ లేదు. అడిగినదానికి తప్ప మాట లేదు.

మా కంపెనీ హవల్దార్ మేజర్ హిమాలయాల వైపు గఢ్వాల్ మనిషి. క్రమశిక్షణ ఆయన బాధ్యత. గుబురు మీసం, ఇంకా గుబురు గొంతు. మేమంతా ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళం. ఆయన వెంకన్న గడ్డం చూసి మేజర్ సాబ్ ముందుకి లాక్కెళ్ళాడు. మేజర్ సాబ్ డాక్టర్ దగ్గరికి పంపారు. డాక్టర్ చూసి, ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే కింద ఆసుపత్రికి, మనసు వార్డుకి పంపేస్తానన్నారు.

ఆ మాట వెంకన్నకి తెలిసింది. సాయంత్రం నెట్టు విప్పుతుంటే నా దగ్గరికి వచ్చాడు.

"ఉస్తాద్ గారండీ, నన్ను పంపించకుండా చూడండి. ఊళ్ళో పిచ్చోడని పేరెట్టేస్తారండి. అదైనా పర్లేదు గానండి, ఇప్పుడు మాత్రం పంపొద్దనండి. ఇంకొన్నాళ్ళు ఆగమనండి."

"ఇంకొన్నాళ్ళు ఆగితే ఏమవుతుంది వెంకన్నా?"

తల వంచుకుని వెళ్ళిపోయాడు.

నల్ల పక్షులు

నాకు తోచిన వైద్యం ఆటే. ఎలాగోలా బంతి అతని చేతికి తగిలితే మనిషి మామూలవుతాడని నా నమ్మకం. మర్నాడు మధ్యాహ్నం లంగరులో తిండి దగ్గర పట్టుకుందామని వెళ్ళాను. లంగరంటే మా వంటశాల. పళ్ళెం పట్టుకుని వెంకన్న డేరాల వెనక్కి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను.

అతను చేతులు కడుక్కుని, మొదటి ముద్ద తీసి ఒక బండరాయి మీద పెట్టాడు. దూరంగా జరిగి గొంతుక్కూర్చున్నాడు. ఆ ఎత్తులో కాకులు ఉండవు. కాకుల్లాంటివే, ముక్కు పసుప్పచ్చగా ఉండే నల్ల పక్షులు ఉంటాయి. అతను వాటికోసం ఆకాశం కేసి చూస్తున్నాడు. చాలాసేపటికి ఒకటి వచ్చి వాలి, మెతుకులు పొడిచింది. అప్పుడు పళ్ళెం ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టాడు. పక్షులు రాని రోజున ఎందుకు తినలేదో నాకు అర్థమైంది.

మిగతావీ ఒక్కొక్కటే అర్థమయ్యాయి. గడ్డం, కటిక నేల, ఒంటిపూట భోజనం, ఆటపాటల జోలికి పోకపోవడం. నేను క్రైస్తవుణ్ణి. మా ఇళ్ళలో ఎవరైనా పోతే పాటలు పాడి సమాధి చేస్తాం, ఆదరణ కూడిక పెట్టి నలుగురికీ భోజనాలు పెడతాం. మైల పట్టే అలవాటు లేదు. కానీ పక్కింటివాళ్ళు పట్టగా చూస్తూ పెరిగినవాణ్ణే. అదే మనిషి యూనిఫాంలో ఉండేసరికి గుర్తుపట్టలేకపోయాను.

వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"రాంఫల్‌కా?"

"ఆయ్."

"వాళ్ళ ఊళ్ళో చెయ్యడానికి ఎవరూ లేరా?"

"అప్పచెల్లెళ్ళేనండి. తమ్ముళ్ళు లేరండి. పినతండ్రి కొడుకెవడో చేస్తాడండి. అక్కడ వాళ్ళు చేసుకుంటారండి. కానీ వాడు పోయింది ఇక్కడ కదండీ. నా వీపు మీదే పోయేడండి. మంచినీళ్ళడిగేడండి. నా దగ్గర లేవండి. కిందకెళ్ళేక ఇస్తానన్నానండి."

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అతను ఏడవలేదు.

"మరి ఎవరికైనా చెప్పొచ్చు కదయ్యా."

"ఏమని చెప్తానండీ? చుట్టం కాదు, పక్కం కాదు. స్నేహితుడికి మైలేంటని నవ్వుతారండి. వాళ్ళకి పదమూడు రోజులండి. వాళ్ళ నాన్న పోయినప్పుడు వాడే చెప్పేడండి. అదయ్యేదాకా నన్నిక్కడ ఉండనివ్వమనండి. మధ్యలో వదిలేస్తే వాడు ఎటూ కాకుండా పోతాడండి."

డాక్టర్ గారి డేరా

నేను డాక్టర్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. మేజర్ సాబ్, పెద్దాయన కూడా అక్కడే ఉన్నారు. "మా తాతగారు పోయినప్పుడు మా నాన్న ఇలాగే ఉన్నారు. నాకు తోచలేదు చూడు" అన్నారు డాక్టర్.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. దీన్నిబట్టి మాట్లాడని ప్రతివాడూ మైలలో ఉన్నాడనుకోవద్దు. అదే వారం ఇంకో జవానుని డాక్టర్ ఆ ఆసుపత్రికే పంపారు. అతన్ని ఆటతో బాగుచేస్తానని నేను వాదించాను. ఆయన వినలేదు. పంపడమే సరైనదని తరవాత తేలింది, ఆ మనిషి కోలుకుని పెన్షన్ దాకా ఉద్యోగం చేశాడు. బంతి మంచి మందే, కానీ అన్నిటికీ అదే మందు కాదు.

వెంకన్న విషయంలో చిక్కు ఇంకోటుంది. మేజర్ సాబ్ తల పట్టుకున్నారు. "గడ్డం గీయొద్దని నేను ఆర్డర్ ఎలా ఇవ్వను? రేపు ఇంకొకడు వస్తాడు."

దారి చూపించింది పెద్దాయన. వెంకన్నని లాక్కొచ్చిన మనిషే గొంతు సవరించుకుని, "సాబ్, చలికి వాడి మొహం మీద పొక్కులు వచ్చినట్టున్నాయి. కొన్నాళ్ళు కత్తి తగలకూడదని డాక్టర్ సాబ్ చీటీ రాస్తే నేను వాణ్ణి ఎలా అడుగుతాను?" అన్నాడు.

వెంకన్న మొహం మీద ఒక్క పొక్కు లేదు. డాక్టర్ చీటీ రాశారు. బదులుగా ఒక షరతు పెట్టారు: కటిక నేల కుదరదు, న్యుమోనియా వస్తుంది. పరుపు మీద పడుకోనన్నాడు వెంకన్న. ఖాళీ గోనెసంచులు పరిస్తే పరుపు లెక్కలోకి రాదు కదా అని బేరం కుదిర్చాను. దానికి "ఆయ్" అన్నాడు.

గేమ్స్ పరేడ్‌లో అతన్ని గీత దగ్గర నిలబెట్టాను, బంతి లోపల పడిందో బయట పడిందో చూడమని. దొర్లుకుంటూ బంతి కాళ్ళ దగ్గరికి వస్తే పక్కకి జరిగేవాడు. ఎవరో ఒకరు పరుగెత్తి వచ్చి తీసుకునేవారు. నేను ఎవరికీ చెప్పలేదు. పెద్దాయన చెప్పి ఉంటాడు. గొణుగుడు ఆగిపోయింది. రోజూ మధ్యాహ్నం వంటవాడు వెంకన్నకి ముందు వడ్డించడం మొదలుపెట్టాడు, పక్షులకి ఆలస్యం కాకుండా.

పదమూడో నాడు

ఆ రోజు మంగలి వెంకన్నకి గుండు, గడ్డం గీశాడు. వాగులో మంచునీళ్ళు. దిగి మునిగి లేచాడు. పెద్దాయన దుప్పటి పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. మధ్యాహ్నం లంగరులో కంపెనీ అందరికీ ఖీరు పాయసం వండారు. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరూ రెండోసారి వడ్డించుకున్నారు.

సాయంత్రం వెంకన్న నెట్టు దగ్గరికి వచ్చాడు. అతని వైపు ఐదుగురు నిలబడ్డారు గానీ రాంఫల్ చోటులోకి ఎవరూ రావడం లేదు. అప్పుడు డాక్టర్ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని వచ్చి నిలబడ్డారు. "నాకు ఆట రాదు, ముందే చెబుతున్నా" అన్నారు. నిజంగానే రాదు. ఆయన ఎత్తిన బంతి వాగు వైపు పోయింది. వెంకన్న దానికోసం పరుగెత్తి, ఎగిరి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. అది నేరుగా వెళ్ళి, గీత బయట అటు తిరిగి నిలబడ్డ మేజర్ సాబ్ వీపుకి తగిలింది. ఆయన వెనక్కి తిరిగి చూసి, ముందు తనే నవ్వారు. ఆ తరవాత అందరం నవ్వాం. అంతగా నవ్విన రోజు ఆ వేసవిలో ఇంకోటి లేదు.

రెండో శిఖరానికి ఆర్డరు వచ్చింది. బయలుదేరే ముందు సాయంత్రం నేనూ వెంకన్నా నెట్టు మడత పెడుతున్నాం. ఒక జవాను వచ్చి వెంకన్నని పక్కకి పిలిచాడు. ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. తరవాత ఇంకొకడు. వచ్చినవాళ్ళందరూ అన్నదమ్ములు లేనివాళ్ళో, కొడుకులు లేనివాళ్ళో. తమ ఊళ్ళో మైల ఎన్నాళ్ళు పడతారో, ఏం వండుతారో చెప్పి వెళుతున్నారు. ఆఖరున పెద్దాయన వచ్చాడు. ఆయనకి ఇద్దరూ ఆడపిల్లలే. మీసం దువ్వుకుంటూ, ఆకాశం కేసి చూస్తూ చెప్పాడు. వెంకన్న అందరికీ చెప్పినట్టే ఆయనకీ తల ఊపి సరేనన్నాడు.

తరవాత

రెండో శిఖరం కూడా మాదే అయింది. పెద్దాయన తిరిగి రాలేదు.

దిగి వచ్చాక వెంకన్న పరుపు చుట్టి పక్కన పెట్టి, గోనెసంచులు పరుచుకున్నాడు. గడ్డం పెరిగింది. దాన్ని అడగవలసిన మనిషి కోసమే అది పెరుగుతోంది. డాక్టర్ అడగకుండానే చీటీ రాసి పంపారు. పక్షులు ఆలస్యం చేసిన రోజున మేజర్ సాబ్ కూడా తినకుండా కూర్చోవడం చూశాను. ఆడే కంపెనీ ఏడవదన్న మాట ఆయన మళ్ళీ అనలేదు. నన్ను పిలిచి, "ఉస్తాద్, ఆట పెట్టు. ఆడనివాణ్ణి ఆడమనకు" అన్నారు. పీటీ ఉస్తాద్ పనికి ఇంతకంటే మంచి ఆర్డరు నాకు ముప్పై ఏళ్ళలో ఎవరూ ఇవ్వలేదు. కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పగలిగిందీ అదే. మనిషి ఎందుకు ఆడటం లేదో తెలుసుకోవడం కూడా ఆడించడంలో భాగమే.

పెద్దాయన రోజులు కూడా పూర్తయ్యాయి. గుండుతో, తడి ఒంటితో వెంకన్న ఎండలో కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని బంతిలో గాలి కొంచెం తీస్తున్నాను. నాకు ఇద్దరు కొడుకులున్నారు, తమ్ముళ్ళున్నారు. అయినా ఎందుకో అడగాలనిపించింది.

"వెంకన్నా, మరి నాకో? నేను పోతే నాకేం చేస్తావ్?"

అతను నాకేసి చూసి, చాలా రోజుల తరవాత మా వైపువాళ్ళ నవ్వు నవ్వాడు.

"మీకు మైల లేదు కదండీ. మర్నాడే నెట్టు కట్టించేస్తానండి. ఆదరణ కూడికంటారు కదండీ మీవాళ్ళు, అది గ్రౌండులోనే పెట్టిస్తానండి. ఒక్కడు రాకపోయినా ఊరుకోనండి."

"పాటలు పాడాలి మరి."

"నాకు రావండి. విజిల్ ఊదుతానండి."

సరేనన్నాను. బంతి అతనికి అందించాను. రెండు చేతులా పుచ్చుకున్నాడు.